యుద్ధకాలంలో ప్రధాని రాసిన ప్రేమలేఖలు: ఆస్క్విత్, వెనీషియా స్టాన్లీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు బ్రిటన్ ప్రధాని హెర్బర్ట్ హెన్రీ ఆస్క్విత్. ఒకపక్క యుద్ధం నడుపుతూ, ఇంకోపక్క వెనీషియా స్టాన్లీ అనే యువతికి వందల కొద్దీ ఉత్తరాలు రాశాడు. వాటిలో ప్రేమ ఉంది, కబుర్లున్నాయి, బయటికి పొక్కకూడని సైనిక రహస్యాలూ ఉన్నాయి. ఈ ఉత్తరాల మాట వచ్చినప్పుడల్లా జనం అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు.

ముందుగా, ఎవరీ ఆస్క్విత్?

1908 ఏప్రిల్ నుంచి 1916 డిసెంబరు దాకా బ్రిటన్ ప్రధాని. లిబరల్ పార్టీ నాయకుడు. 1852లో యార్క్‌షైర్‌లోని మోర్లీ అనే ఊళ్లో, ఉన్ని వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, లాయరుగా పైకొచ్చాడు. మొదటి భార్య హెలెన్ 1891లో టైఫాయిడ్‌తో పోయింది. 1894లో మార్గాట్ టెనెంట్‌ను పెళ్లి చేసుకున్నాడు. వృద్ధాప్య పింఛన్లు, ప్రభువుల సభ అధికారాలకు కత్తెర వేసిన 1911 పార్లమెంటు చట్టం ఈయన హయాంలోవే. మాటలో తొందర ఉండదు, ముఖంలో కంగారు కనిపించదు. ఆ ముఖం వెనక ఏం జరుగుతోందో మనకు తెలిసిందే ఈ ఉత్తరాల వల్ల.

వెనీషియా ఎవరు? ప్రధానికి ఎలా పరిచయం?

1887లో పుట్టింది. లార్డ్ షెఫీల్డ్ కూతుళ్లలో చిన్నది. చెషైర్‌లో ఆల్డర్లీ పార్క్, ఆంగ్లసీ దీవిలో పెన్రాస్, లండన్‌లో ఇంకో ఇల్లు. కలిగిన కుటుంబం. బాగా చదువుకున్న మనిషి, సూటిగా మాట్లాడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆస్క్విత్ కూతురు వయొలెట్‌కు ప్రాణస్నేహితురాలు. అంటే కూతురి ఈడు అమ్మాయి. ఆయనకూ ఆమెకూ దాదాపు 35 ఏళ్ల తేడా.

1912 జనవరిలో ఆస్క్విత్ సెలవు మీద సిసిలీ వెళ్లాడు. వెంట ఎడ్విన్ మాంటేగు అనే యువ ఎంపీ. తర్వాత వయొలెట్, వెనీషియా వచ్చి కలిశారు. ఈ కథలో ముగ్గురు ముఖ్యులూ ఆ ప్రయాణంలోనే ఉన్నారు.

మొత్తం ఎన్ని ఉత్తరాలు?

దొరికినవి దాదాపు 560. మొదట అప్పుడొకటి అప్పుడొకటి. 1914 వచ్చేసరికి రోజూ. 1915 వసంతానికి ఒక్కోరోజు రెండు, మూడు కూడా. అప్పట్లో లండన్‌లో టపా రోజుకు చాలాసార్లు పంచేవారు కాబట్టి పొద్దున వేసింది సాయంత్రానికి చేరేది.

ఇవి ప్రేమలేఖలేనా? ఇంకేమైనా ఉందా?

ప్రేమలేఖలే, అనుమానం లేదు. కానీ అలా మాత్రమే చదివితే సగం జారిపోతుంది. "నీ ఉత్తరం ఎందుకు ఆలస్యమైంది" అనే బెంగ, నిన్న మధ్యాహ్నం కలిసి కార్లో తిరిగిన జ్ఞాపకం, రాత్రి భోజనానికి ఎవరొచ్చారు, ఏం పుస్తకం చదువుతున్నాను. వీటి మధ్యలోనే ఫలానా జనరల్ మీద నమ్మకం లేదనీ, ఫలానా చోటికి దళాలు వెళ్తున్నాయనీ వస్తుంది. పేరా కూడా మారదు.

నాకు అర్థమైనంతవరకు ఆస్క్విత్‌కు రాయడమే ఆలోచించడం. చుట్టూ ఉన్న మంత్రుల్లో ప్రతివాడికీ ఏదో ఒకటి కావాలి. కొందరికి ఆయన కుర్చీయే కావాలి. తన దగ్గర్నుంచి ఏ పదవీ ఆశించని, విన్నది దాచుకోగలిగిన ఒక మనిషి ఆయనకు కావలసి వచ్చింది. ఆ మనిషి 27 ఏళ్ల యువతి కావడం, ఆమెను ఆయన పిచ్చిగా ప్రేమించడం కథను గజిబిజి చేశాయి.

ఉదాహరణకు ఎలాంటివి రాశాడు?

1914 జులై 24. ఆరోజు పొద్దంతా ఐర్లండ్ స్వపరిపాలన గొడవే. ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ సరిహద్దు ఎక్కడ గీయాలన్న చర్చ ఎటూ తేలలేదు. ఆ సంగతి రాసి, తర్వాత ఆస్ట్రియా సెర్బియాకు పంపిన అల్టిమేటం గురించి రాశాడు. మహాయుద్ధం వచ్చే అవకాశం కనుచూపు మేరలోకి వచ్చిందన్నాడు. అయితే మనం ప్రేక్షకులకు మించి ఉండాల్సిన అవసరం కనబడటం లేదని సంతోషపడ్డాడు. సరిగ్గా పదకొండు రోజుల తర్వాత, ఆగస్టు 4 రాత్రి 11 గంటలకు, బ్రిటన్ యుద్ధంలో ఉంది.

ఆగస్టు 2 నాటి ఉత్తరం ఇంకా విలువైనది. యుద్ధంలోకి దిగాలా వద్దా అన్న దాని మీద క్యాబినెట్ నిలువునా చీలిపోయేలా ఉంది. తన మనసులో ఉన్నదాన్ని ఒక్కొక్క అంశంగా పెట్టాడు. ఫ్రాన్స్‌కు గానీ రష్యాకు గానీ సైన్యం పంపి తీరాలన్న ఒప్పందమేదీ మనకు లేదు. ఇప్పటికిప్పుడు దళాలను పంపే ప్రసక్తే లేదు. కానీ ఫ్రాన్స్‌తో పాత స్నేహాన్ని మరవలేం. ఫ్రాన్స్ తుడిచిపెట్టుకుపోవడం మనకు మంచిది కాదు. ఇంగ్లిష్ ఛానల్‌ను జర్మనీ తన స్థావరం చేసుకుంటే ఊరుకోలేం. బెల్జియంకు ఇచ్చిన మాట ఉంది. ఒక ప్రధాని యుద్ధానికి రెండు రోజుల ముందు తనలో తాను వేసుకున్న లెక్క ఇది.

ఇక 1915 ఫిబ్రవరి 9. టర్కీలోని డార్డనెల్స్ జలసంధి మీద నౌకాదళ దాడి వచ్చే వారం మొదలవుతుందని రాశాడు. ఇది రహస్యమనీ, క్యాబినెట్‌లోనే కొందరికి తెలియదనీ కూడా తనే రాశాడు! ఒకాయన దాని గురించి మాట్లాడటం వయొలెట్ విన్నదని కూడా చేర్చాడు. రహస్యం అప్పటికే కారుతోందన్నమాట. దాడి ఫిబ్రవరి 19న మొదలైంది, మార్చి 18న ఘోరంగా ఎదురుతిరిగింది, ఏప్రిల్ 25న ఆ జలసంధి ఒడ్డునున్న గాలిపోలిలో దళాలు దిగాయి.

ఉత్తరాలతో పాటు విదేశాంగ శాఖకు వచ్చిన రహస్య టెలిగ్రాములు కూడా కొన్నిసార్లు కవరులో పెట్టేవాడు. మామూలు పోస్టులోనే.

క్యాబినెట్ మీటింగుల్లో కూర్చునే రాసేవాడన్నది నిజమేనా?

నిజమే. 1915 జనవరి 13 సంగతి చూడండి. యుద్ధ మండలి సమావేశం మధ్యాహ్నం 12కు మొదలైంది. మధ్యలో భోజనానికి లేచి మళ్లీ కూర్చున్నారు. నాలుగు గంటలకు, చర్చ నడుస్తుండగానే, ప్రధాని వెనీషియాకు ఉత్తరం రాస్తున్నాడు. ఇక్కడ నడుస్తున్న చర్చ చాలా ఆసక్తిగా ఉంది, కానీ ఎంత రహస్యమంటే కాగితం మీద పెట్టను, రేపు కలిస్తే అంతా చెబుతాను అని. డార్డనెల్స్ పథకాన్ని నౌకాదళ మంత్రి చర్చిల్ బల్ల మీద పెట్టింది ఆ సమావేశంలోనే. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే మీటింగులో కూర్చుని టేబుల్ కింద ఫోన్‌లో మెసేజ్ కొట్టడం లాంటిది. కాకపోతే ఇక్కడ మీటింగుకు అధ్యక్షుడు ఆయనే.

చరిత్రకారులకు ఇది బంగారం అయింది. ఎందుకో తెలియాలంటే అప్పటి క్యాబినెట్ పద్ధతి తెలియాలి. ఆ రోజుల్లో బ్రిటిష్ క్యాబినెట్‌కు మినిట్స్ లేవు. సెక్రటరీ లేడు, అజెండా లేదు. ఎవరేమన్నారో రాసిపెట్టేవాళ్లు లేరు. సమావేశం అయ్యాక ప్రధాని తన చేత్తో రాజుకు ఒక ఉత్తరం రాసి పంపేవాడు. అధికారికంగా మిగిలే కాగితం అదొక్కటే. అందులో మర్యాద ఎక్కువ, విషయం తక్కువ. ఏం నిర్ణయించారన్నది మంత్రులు ఎవరికి తోచినట్టు వాళ్లు గుర్తుపెట్టుకునేవారు. తర్వాత అది కాదు ఇది అని తగువు పడటమూ మామూలే. 1916 డిసెంబరులో లాయిడ్ జార్జ్ ప్రధాని అయ్యాక, మారిస్ హాంకీని సెక్రటరీగా పెట్టాకే క్యాబినెట్‌కు పద్ధతిగా రికార్డు మొదలైంది.

కాబట్టి 1914 వేసవి నుంచి 1915 మే దాకా బ్రిటిష్ ప్రభుత్వం లోపల ఏం జరిగిందో చెప్పే ఆధారాల్లో ముందు వరసలో ఉన్నది ఒక అమ్మాయికి రాసిన ప్రేమలేఖల కట్ట. ఆయన చేసిన తప్పే మనకు ఆస్తి అయింది. ఈ ఇబ్బందిని తప్పించుకుని ఈ ఉత్తరాల గురించి నిజాయితీగా మాట్లాడలేం.

రహస్యాలు ఇలా ఉత్తరాల్లో రాయడం నేరం కాదా?

ఇంకొకరు చేసి ఉంటే తప్పకుండా కటకటాల వెనక ఉండేవారు. 1911 అధికార రహస్యాల చట్టం ఆస్క్విత్ ప్రభుత్వం తెచ్చిందే. యుద్ధం మొదలైన నాలుగు రోజులకే, 1914 ఆగస్టు 8న, దేశరక్షణ చట్టం పాసైంది. శత్రువుకు పనికొచ్చే సమాచారం బయటపెడితే కఠిన శిక్షలు. కందకాల్లో ఉన్న సిపాయి ఇంటికి రాసే ఉత్తరాన్ని ఆఫీసరు చదివి, ఊరి పేరుంటే కొట్టేసి పంపేవాడు. అదే సమయంలో డౌనింగ్ స్ట్రీట్ నుంచి దళాల కదలికలు సాదా కవరులో వెళ్తున్నాయి.

వెనీషియా చేతుల్లోంచి ఏ రహస్యమూ శత్రువుకు చేరినట్టు ఆధారం లేదు. అది ఆమె గొప్పతనం. ఆయన జాగ్రత్త మాత్రం కాదు.

చర్చిల్ గురించి, ఇతర మంత్రుల గురించి ఏమన్నాడు?

ఉత్తరాల్లో చదవడానికి హుషారుగా ఉండే భాగం ఇదే. 1914 అక్టోబరులో చర్చిల్ బెల్జియంలో ముట్టడిలో ఉన్న ఆంట్‌వెర్ప్ నగరానికి వెళ్లి, మంత్రి పదవి వదిలేస్తాను, ఇక్కడి దళాలకు నన్నే అధిపతిని చెయ్యండి అని తంతి కొట్టాడు. దాన్ని క్యాబినెట్‌లో చదివితే అందరూ గొల్లుమన్నారు. ఒకప్పుడు అశ్విక దళంలో లెఫ్టినెంటుగా చేసిన మనిషి, ఒప్పుకుని ఉంటే ఇద్దరు మేజర్ జనరళ్ల మీద పెత్తనం చేసేవాడని ఆస్క్విత్ చమత్కరించాడు.

వారం తిరిగేసరికి ఆ నవ్వు పోయింది. ఆంట్‌వెర్ప్‌కు పంపిన నౌకాదళ డివిజన్‌లో ఆస్క్విత్ కొడుకు ఆర్థర్ ఉన్నాడు. తిరిగొచ్చి జరిగింది చెప్పాడు. చాలామంది కొత్తగా చేరిన కుర్రాళ్లు, తుపాకీ పేల్చి ఎరగనివాళ్లు. మన ఇద్దరి మధ్యే ఉంచు అంటూ, అదంతా ఎంత దుర్మార్గమైన తెలివితక్కువ పనో చెప్పలేనని వెనీషియాకు రాశాడు. చర్చిల్‌ను మంత్రివర్గంలోంచి మాత్రం తీసెయ్యలేదు.

1915 ఫిబ్రవరిలో తన మంత్రులకు పరీక్షల్లో ర్యాంకులు వేసినట్టు వేశాడు. క్రూ మొదటి ర్యాంకు, గ్రే రెండు, మెకెన్నా మూడు. లాయిడ్ జార్జ్, చర్చిల్, కిచనర్ ముగ్గురినీ ఒకే బ్రాకెట్‌లో వాళ్ల కింద పెట్టాడు. ఆ మొదటి ర్యాంకు మంత్రి పేరు ఇవాళ చరిత్ర విద్యార్థులకు తప్ప ఎవరికీ తెలియదు. కింద పడ్డవాళ్లలో ఇద్దరు తర్వాత ప్రధానులయ్యారు.

అదే ఏడాది మార్చి 29న లాయిడ్ జార్జ్ ఆస్క్విత్ గదికి వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. తన మీద కుట్ర వదంతులు వస్తున్నాయని, మీకు ద్రోహం చెయ్యడం కంటే రాళ్లు కొట్టుకుని బతుకుతాను, బంగాళాదుంపలు తవ్వుకుంటాను, ఉరికైనా ఎక్కుతాను అని. ఆస్క్విత్ అది నమ్మి, ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి మరీ వెనీషియాకు రాశాడు. 1916 డిసెంబరు 5న ఆస్క్విత్ రాజీనామా చేశాడు, రెండు రోజులకు ఆ కుర్చీలో కూర్చున్నది లాయిడ్ జార్జే.

వెనీషియా రాసిన జవాబులు ఏవి?

లేవు. ఆస్క్విత్ వాటిని నాశనం చేసి ఉంటాడన్నది చరిత్రకారుల అంచనా. అందువల్ల మనకు వినిపించేది ఒక గొంతే. ఆమె ఏమన్నదో ఆయన జవాబుల్లోంచి ఊహించుకోవాలి. ఆమె ప్రేమించిందా, జాలిపడిందా, ప్రధాని అంతటివాడు తన మాట వింటున్నాడన్న సంబరమా? చాలామంది ఆమెను తేలిగ్గా తీసిపారేస్తారు. ఒక్క ఉత్తరం కూడా మన చేతిలో లేని మనిషి మీద తీర్పు చెప్పడానికి నాకు మనసొప్పదు.

భార్య మార్గాట్‌కు తెలుసా?

తెలుసు. బాధపడింది, ఉడుక్కుంది, డైరీలో రాసుకుంది. తన గోడు ఎవరితో చెప్పుకుందో తెలుసా? ఎడ్విన్ మాంటేగుతో. అప్పటికి ఆయన కూడా వెనీషియాను పెళ్లి చేసుకోవాలని తిరుగుతున్నాడు.

శారీరక సంబంధం ఉందా?

ఉందనడానికి గట్టి ఆధారం లేదు. ఉత్తరాలను అచ్చుకు సిద్ధం చేసిన చరిత్రకారులు లేదనే అభిప్రాయపడ్డారు. దీని మీద ఇంతకంటే సమయం ఖర్చుపెట్టడం దండగ.

ఎలా ముగిసింది?

1915 మొదట్లో వెనీషియా నర్సు శిక్షణ కోసం వైట్‌చాపెల్‌లోని లండన్ హాస్పిటల్‌లో చేరింది. దొరలబిడ్డ పొద్దున్నే లేచి వార్డులో చాకిరీ. ఆస్క్విత్‌కు ఆమె కనబడే గంటలు తగ్గాయి, ఉత్తరాలు పెరిగాయి. ఆయన బెంగ ఆమెకు భారమైపోయిందని ఆయన మాటల్లోంచే తెలుస్తుంది.

మాంటేగు 1912లోనే అడిగాడు, అప్పుడు ఆమె కాదంది. ఆయన పట్టు వదల్లేదు. 1915 ఫిబ్రవరిలో ఆయనకు క్యాబినెట్‌లో చోటు దొరికింది. ఇప్పుడు ఒకే బల్ల చుట్టూ కూర్చున్న ఇద్దరు ఒకే అమ్మాయికి ఉత్తరాలు రాస్తున్నారు. పెద్దాయనకు ఆ సంగతి తెలియదు. మాంటేగు యూదుడు. మతం బయట పెళ్లి చేసుకుంటే ఆస్తి దక్కదని తండ్రి లార్డ్ స్వేత్లింగ్ వీలునామా రాసిపోయాడు. అందుకని వెనీషియా యూదు మతం పుచ్చుకోవడానికి ఒప్పుకుంది.

మాంటేగును పెళ్లాడుతున్నానన్న ఆమె ఉత్తరం మే 12న ఆస్క్విత్‌కు అందింది. జవాబు మూడు ముక్కలు. నా గుండె పగిలిందని నీకు తెలుసు, వచ్చి నిన్ను చూసే శక్తి లేదు, దేవుడు నిన్ను చల్లగా చూడాలి, నాకు తోడుండాలి. అన్నేసి పేజీలు రాసిన మనిషి! జులై 26న వాళ్ల పెళ్లయింది. ఆస్క్విత్ ఆ తర్వాత మనసు విప్పుకోవడానికి వెనీషియా అక్క సిల్వియా హెన్లీకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. అలవాటు అలాంటిది.

ఆ దెబ్బకే ప్రభుత్వం పడిపోయిందంటారు, నిజమా?

తేదీలు చూస్తే అలా అనిపించడం సహజం. మే 12న ఆ ఉత్తరం. 14న ఫ్రంట్‌లో ఫిరంగి గుండ్లు చాలడం లేదని పత్రికలో సంచలన వార్త. 15న నౌకాదళ అధిపతి ఫిషర్ రాజీనామా. 17న ప్రతిపక్షంతో కలిసి సంకీర్ణం పెట్టడానికి ఆస్క్విత్ ఒప్పేసుకున్నాడు. లిబరల్ పార్టీ ఒంటరిగా దేశాన్ని ఏలడం అంతటితో సరి.

నా లెక్కలో సంకీర్ణం ఎలాగూ వచ్చేదే. గుండ్ల కొరత నిజం, గాలిపోలి చిక్కుముడి నిజం, ఫిషర్ చర్చిల్ మీద కత్తి దూయడం నిజం. ప్రేమ విఫలమవడం వల్ల రాలేదు. కానీ అంత త్వరగా, బేరమాడకుండా, ఎప్పటినుంచో వెంట ఉన్న స్నేహితుడు హాల్డేన్‌ను కూడా వదులుకుంటూ ఒప్పుకోవడంలో మాత్రం ఆ వారం ఆయన మనఃస్థితి పని చేసిందని నమ్ముతాను. ఆ సర్దుబాటులో చర్చిల్‌ను నౌకాదళం నుంచి తప్పించి మాంటేగు పదవిలో కూర్చోబెట్టారు. మాంటేగు క్యాబినెట్ బయట పాత ఉద్యోగానికి వెళ్లాడు. ఇది కక్షా అంటే, కాదనే అనుకుంటాను. 1916లో ఆస్క్వితే ఆయన్ను మళ్లీ క్యాబినెట్‌లోకి తీసుకుని, మందుగుండు సరఫరా మంత్రిని కూడా చేశాడు.

కొడుకులకు కూడా ఇలాగే రాసేవాడా?

ఈ ప్రశ్నకు జవాబు చదివితే ఆస్క్విత్ మీద కోపం వస్తుంది. పెద్దకొడుకు రేమండ్ పేరున్న లాయరు, గొప్ప తెలివైనవాడు. గ్రెనేడియర్ గార్డ్స్‌లో చేరి ఫ్రాన్స్ వెళ్లాడు. పది నెలలుగా ఇక్కడ ఉన్నాను, ప్రధానిగారు ఒక్క ముక్క కూడా రాయలేదు అని భార్యకు రాసుకున్నాడు. నాన్న అని కూడా అనలేదు. 1916 సెప్టెంబరు 7న ఆస్క్విత్ ఫ్రంట్‌కు వెళ్లినప్పుడు కొడుకును కాసేపు చూశాడు. వారం తర్వాత, 15న, సోమ్ యుద్ధంలో రేమండ్ చనిపోయాడు. ఆ దెబ్బ నుంచి ఆస్క్విత్ కోలుకోలేదు. ప్రేమ లేక కాదు, ఆయనకు ఆ ప్రేమను కాగితం మీద పెట్టడం కొందరి దగ్గరే వచ్చింది.

ఈ మాంటేగు మన సోషల్ పుస్తకంలో మాంటేగేనా?

ఆయనే. మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగు. 1917 జులైలో భారత వ్యవహారాల మంత్రి అయ్యాడు. ఆగస్టు 20న భారత్‌కు క్రమంగా బాధ్యతాయుత ప్రభుత్వం ఇస్తామని ప్రకటించాడు. నవంబరులో ఇక్కడికే వచ్చాడు. డిసెంబరులో మద్రాసు వచ్చినప్పుడు తెలుగు ప్రాంత ప్రతినిధులు ఆంధ్రులకు వేరే రాష్ట్రం కావాలని ఆయనకు విజ్ఞాపన ఇచ్చారు. అది అప్పుడు నెరవేరలేదు. 1919 చట్టంతో రాష్ట్రాల్లో ద్వంద్వ పాలన వచ్చింది. దాని కిందే మద్రాసులో జస్టిస్ పార్టీ గద్దెనెక్కింది, తెలుగువాడైన పానగల్ రాజా 1921 నుంచి 1926 దాకా ప్రభుత్వం నడిపాడు. 1920 జులైలో జలియన్‌వాలాబాగ్ డయ్యర్ చేసింది భయపెట్టి ఏలడమేనని పార్లమెంటులో నిలబడి అన్నవాడు కూడా మాంటేగే.

ఆయన పదవి ఎలా పోయిందో కూడా చెప్పాలి. 1922 మార్చిలో, టర్కీతో ఒప్పందాన్ని సవరించాలంటూ భారత ప్రభుత్వం పంపిన టెలిగ్రాము ప్రచురణకు క్యాబినెట్‌ను అడక్కుండా అనుమతించాడు. లాయిడ్ జార్జ్ రాజీనామా చేయించాడు. పెళ్లికి ముందు ఆయన భార్యకు ఆస్క్విత్ పోస్టులో పంపిన టెలిగ్రాములకు మాత్రం ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. మాంటేగు 1924లో, 45 ఏళ్లకే, పోయాడు.

ఉత్తరాలు ఎలా బయటపడ్డాయి?

వెనీషియా వాటిని కాల్చలేదు, అమ్మలేదు. ఆస్క్విత్ ఆఖరి రోజుల్లో జ్ఞాపకాలు రాసుకుంటుంటే చూసుకోవడానికి ఇచ్చింది కూడా. ఆయన వాటిలోంచి కొన్ని భాగాలు తీసి, ఎవరికి రాసినవో చెప్పకుండా, అప్పటి నోట్సులాగా పుస్తకంలో పెట్టుకున్నాడు! ఆయన 1928లో, ఆమె 1948లో చనిపోయారు. 1960లలో ఆస్క్విత్ జీవితచరిత్ర రాసిన రాయ్ జెంకిన్స్‌కు ఉత్తరాలు చూసే అవకాశం వచ్చింది. 1982లో మైకేల్, ఎలినార్ బ్రాక్ దంపతులు బోలెడన్ని వివరణలతో వాటిని అచ్చు వేయించారు. అసలు కాగితాలు ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ లైబ్రరీలో ఉన్నాయి.

చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి పేజీ నుంచి వద్దు. 1912, 1913 నాటివి తెలియని మనుషుల పేర్లతో విసుగు పుట్టిస్తాయి. 1914 జులై 24తో మొదలుపెట్టి ఆగస్టు 4 దాకా వరసగా చదవండి. ఆ తర్వాత అక్టోబరులో ఆంట్‌వెర్ప్, ఆపైన 1915 జనవరి 13. అక్కడికి వచ్చాక ఇక మీరే వదలరు. పక్కన ఒక కాగితం పెట్టుకుని ఎవరే శాఖ మంత్రో రాసుకుంటే తికమక ఉండదు. ఇంగ్లిషు కష్టమేమీ కాదు, మధ్యమధ్య లాటిన్ ముక్కలు వస్తాయి, వాటిని దాటేసినా నష్టం లేదు.